డ్రైవరుతో మాటలాడరాదు

బస్సులో డ్రైవరు తలపైన రాసివుండే ఒక వాక్యాన్ని మనం చిన్ననాటినుంచి చదువుతూ వచ్చాము. కోలారు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళం గనుక దానిని కన్నడంలోను, తమిళంలోను, సరిహద్దు దాటి వి.కోటకో కుప్పానికో పోయినప్పుడు తెలుగులోను చదివే భాగ్యం మనకు కలిగినది. భాష ఏదైనా మాట ఒకటే: డ్రైవరుతో మాటలాడరాదు.

ఆ వాక్యం రాసిననాడు డ్రైవరుతో మాటలాడదలచినవాడు బస్సు ఎక్కక తప్పేదికాదు. ముందు సీటులో కూర్చుని ఊసులు మొదలుపెడితే కండక్టరు ఒక కేక వేసేవాడు, దానితో సరిపోయేది. ఇప్పుడు బస్సు ఎక్కనక్కరలేదు. మాటలాడదలచినవారు తమ ఇంట్లోనే, పొయ్యి ముందు నిలబడి, నలభై మైళ్ళ దూరాన మోటారు సైకిలు మీద వస్తున్నవాడి చెవిలో మాటలాడవచ్చును. వారిని కేకవేసే కండక్టరు లేడు.

బండి నడుపుతూ సెల్‌ఫోనులో మాటలాడరాదని మళ్ళీ ఒక ఉపన్యాసమివ్వడం నా ఉద్దేశం కాదు. ఆ ముక్క తెలియనివారు లేరు. తెలిసీ హెల్మెట్టుకూ చెంపకూ నడుమ ఫోను ఇరికించుకుని పోయేవారిని, మెడ ఒక పక్కకు వాల్చి భుజంతో ఫోనును నొక్కిపట్టి స్కూటరు నడిపేవారిని రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక్క సాయంకాలం నిలబడితే కావలసినంతమందిని చూడవచ్చును. నేను చెప్పదలచినది ఆ సంభాషణలోని రెండవ మనిషిని గూర్చి. ఫోను సంభాషణ అన్నాక ఇద్దరుంటారు గదా! బండి నడిపేవాడిని అందరూ తిడతారు. అవతలివైపు ఎవరున్నారని ఎవరూ అడగరు. అడిగితే చాలాసార్లు తేలేది ఏమిటంటే, అక్కడ ఉన్నది ఇంట్లో ఎదురుచూస్తున్న మనమే.

ఈ సంగతి తక్కిన ఊళ్ళవారికంటె మన గనుల ఊరివారికి సులువుగా అర్థం కావాలి. ఎందుకంటే, నడిపేవాడి చెవిలో ఏ మాట పడవచ్చునో, ఏ మాట పడరాదో కొలిచి కట్టడి చేసుకున్న పని ఇక్కడ నూరేళ్ళకు పైగా నడిచినది. 1880 దశకంలో జాన్ టేలర్ కంపెనీ కాలంనుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, మారికుప్పంలోని మైసూరు గనిలోనైనా, చాంపియన్ రీఫులోనైనా, నందిదుర్గం గనిలోనైనా మనిషి లోపలికి దిగాలంటే ఒక ఉక్కుతాడును నమ్ముకోవలసిందే. చాంపియన్ రీఫు మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ఆ తాడును దింపేవాడు, ఎత్తేవాడు వైండింగు డ్రైవరు.

అతని పని ఎటువంటిదో చూసినవారికి జ్ఞాపకముంటుంది. చూడని పిల్లలకోసం చెబుతున్నాను. అతను కూర్చునేది షాఫ్టు పక్కన కాదు, కాస్త దూరాన ఇంజను గదిలో. తాను దింపుతున్న మనుషులు అతని కంటికి కనబడరు. బోను ఎంత లోతున ఉన్నదో తెలిపే ముల్లు ఒకటి ఎదుట ఉంటుంది. చేయి లివరు మీద, దృష్టి ముల్లు మీద, చెవి గంట మీద. షాఫ్టు పైన ఉన్న మనిషి, కింద లెవెలులో ఉన్న మనిషి అతనికి చెప్పవలసినదంతా ఆ గంటలతోనే చెప్పాలి. బోను కదులుతుండగా ఒక్క గంట మోగినదంటే, ఆపమని. ఎందుకు, ఏమిటి అని అడిగేది లేదు. బోనులో మనుషులున్నారనడానికి వేరే గంట, సామానయితే వేరు. ఇంజను నడుస్తుండగా డ్రైవరుతో మాటలాడరాదన్నది గనులలో ఉన్న కట్టుబాటే. అతని తమ్ముడే వచ్చినా, ఇంట్లో పెళ్ళి కుదిరిన వార్త తెచ్చినా, తాడు ఆగేదాకా బయట నిలబడవలసిందే.

ఈ ఏర్పాటులో గమనించదగినది ఒకటున్నది. డ్రైవరు జాగ్రత్తగా ఉండాలి అని మాత్రం చెప్పి గనివారు ఊరుకోలేదు. గంట కొట్టేవాడికి కూడా కట్టడి పెట్టారు. ఊరికే గంట కొట్టరాదు. కొట్టవలసిన మనిషి తప్ప మరొకడు కొట్టరాదు. తాడు చివర వేలాడుతున్న ప్రాణాల బాధ్యత లివరు పట్టినవాడిదీ, గంట తాడు పట్టినవాడిదీ కూడా అని వారు ఎరుగుదురు. ఈనాడు మన చేతిలోని ఫోను ఆ గంట వంటిది. తేడా అల్లా, దానిని ఎవరైనా ఎప్పుడైనా మోగించవచ్చును.

గనులు మూతపడినాక మన ఊరి బ్రతుకు రైలు మీదికి ఎక్కినది. తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే రైలులో వేలమంది బెంగుళూరు పనులకు పోయి రాత్రికి తిరిగివస్తున్నారు. ఈ రైలు లేకపోతే ఈ ఊరు ఏనాడో ఖాళీ అయివుండేదని నా నమ్మకం. రైలులో ఉన్నంతసేపు మనిషి ఎంత మాటలాడినా ఎవరికీ ముప్పు లేదు, పక్కవాడి నిద్రకు తప్ప. కాని రైలు స్టేషనువరకే గదా తెచ్చేది. అక్కడనుంచి ఆండర్సన్‌పేటకో, బేతమంగలకో, ఆ పైన వి.కోట రోడ్డులోని పల్లెలకో రెండు చక్రాల బండి మీద పోవాలి. పొద్దున నాలుగింటికి లేచినవాడు, రోజంతా నిలబడి పనిచేసినవాడు, రాత్రి తొమ్మిదింటికి బండి ఎక్కుతాడు. ఎదురుగా టమాటా లారీలు. గాలి లేచినదంటే సైనైడు దిబ్బల దుమ్ము కళ్ళలో. వీధి దీపం ఒకచోట ఉంటే నాలుగుచోట్ల లేదు. సరిగ్గా ఆ సమయానికి జేబులో ఫోను మోగుతుంది.

"యాడుండావు నాయనా?"

"వస్తా ఉండానమ్మా, బేతమంగల దాటినా."

"అన్నం తిన్యావా? చెల్లెలి మొగుడు వచ్చినాడు. కోడి కోసినాము. పెరుగు లేదు, దోవలో అంగడి తెరిచివుంటే తెస్తావా?"

ఈ మాటలలో తప్పు పట్టవలసినది ఏమున్నది? ఏమీ లేదు. అంతా ప్రేమే. అందుకే ఇది కష్టమైన విషయం. తాగి బండి నడిపేవాడికి ఇంట్లో ఎవరూ సారాయి పోసి పంపరు. ఈ ఫోను మాత్రం ఇంట్లోవాళ్ళమే చేస్తాము, కొడుకు క్షేమంగా రావాలనే చేస్తాము.

ఆ పిల్లవాడు తెలివైనవాడే అనుకుందాము. ఫోను చేతిలో పట్టుకోలేదు, చెవిలో తీగ పెట్టుకున్నాడు. రెండు చేతులు హ్యాండిలు మీదనే ఉన్నవి, కళ్ళు రోడ్డు మీదనే ఉన్నవి. ఇక భయమేమిటని మనలో చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం తప్పని తెలిసి చాలా కాలమైనది. 1997లో కెనడాలోని టొరంటోలో రెడెల్‌మైయర్, టిబ్షిరాణి అనే ఇద్దరు పరిశోధకులు ఫోనులున్న డ్రైవర్లకు జరిగిన ప్రమాదాలను పరిశీలించారు. 699 మంది టెలిఫోను లెక్కలు తెప్పించి, గుద్దుకోవడానికి కొద్ది నిమిషాల ముందు ఫోనులో ఉన్నారా, ముందురోజు అదే వేళకు ఉన్నారా అని పోల్చి చూశారు. ఫోనులో ఉన్నప్పుడు ప్రమాదానికి అవకాశం సుమారు నాలుగు రెట్లు అని తేలినది. చేతితో పట్టుకోనక్కరలేని ఫోనుల వల్ల ఏమైనా మేలు కలిగినదా అని చూస్తే, కనబడలేదు. న్యాయానికి ఇంకొక ముక్క కూడా చెప్పాలి. వారిలో 39 శాతం మంది ప్రమాదం జరిగినాక సహాయానికి పిలిచినది ఆ ఫోనుతోనే. ఫోను చెడ్డదని ఎవరూ అనడంలేదు.

చేయి ఖాళీగా ఉన్నా ముప్పు ఎందుకు తగ్గదు? దీనిని అమెరికాలో యూటా విశ్వవిద్యాలయపు స్ట్రేయర్ బృందం ఏళ్ళ తరబడి పరీక్షించినది. నిజమైన రోడ్డు మీద కాదు లెండి, రోడ్డు బొమ్మ చూపే యంత్రంలో కూర్చోబెట్టి. 2003లో వారు ప్రకటించిన సంగతి వింతగా ఉంటుంది. చేతులకు పనిలేని ఫోనులో మాటలాడేవారి చూపు దారి పక్కనున్న బోర్డుల మీద పడుతూనే ఉన్నది. కాని తరువాత అడిగితే, ఆ బోర్డులు చూసిన జ్ఞాపకం మామూలుగా నడిపినవారికంటె వారికి తక్కువ. అనగా కన్ను చూచినది, మనసు చూడలేదు. మన పెద్దలు పరధ్యానం అనేది దీనినే. ఇంటి అరుగుమీద పరధ్యానంగా కూర్చుంటే ఈగలు వాలుతాయి, అంతే. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో పరధ్యానానికి లెక్క వేరు. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. పెరుగు ఏ అంగడిలో దొరుకుతుందా అని మూడు సెకన్లు ఆలోచించాడంటే యాభై మీటర్లు, రెండు రైలుపెట్టెల పొడవుకు మించిన దూరం, నడిపేవాడు లేకుండా బండి తనంతట తాను పోయినట్లే.

అదే బృందం 2006లో ఇంకొక పోలిక చేసినది. ఫోనులో మాటలాడేవారిని ఒక వైపు, రక్తంలో 0.08 శాతం మద్యం ఉన్నవారిని ఒక వైపు పెట్టి చూశారు. ఫోనువారు బ్రేకు వేయడంలో వెనుకబడ్డారు. ముందున్న బండిని గుద్దినవారు ముగ్గురు, ముగ్గురూ ఫోనులో ఉన్నవారే. తాగినవారిలో ఒక్కరూ లేరు. దీని అర్థం తాగి నడపడం మేలని కాదు సుమా! మన దేశపు చట్టంలో మద్యానికి హద్దు నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. యూటావారు పోల్చినది 80 మిల్లీగ్రాములవారితో.

ఇక్కడ తెలివైన పాఠకులకు ఒక సందేహం రావాలి. మరి వెనుక సీటులో భార్య కూర్చుని మాటలాడితే? కారులో నలుగురు స్నేహితులు కబుర్లు చెప్పుకుంటే? అదీ మాటే, ఇదీ మాటే గదా? ఈ సందేహాన్ని కూడా 2008లో తీర్చారు. రోడ్డు మీద కొంతదూరం పోయి ఫలానా చోట పక్కకు తిరగమని చెప్పి, కొందరిని పక్కనున్న స్నేహితునితో, కొందరిని ఫోనులోని స్నేహితునితో మాటలాడుతూ నడపమన్నారు. పక్కన మనిషి ఉన్నవారు చాలావరకు సరిగ్గానే తిరిగారు. ఫోనులో ఉన్నవారిలో దాదాపు సగంమంది ఆ మలుపు దాటిపోయారు. కారణం మన అనుభవంలో ఉన్నదే. పక్కనున్నవాడు కూడా రోడ్డు చూస్తుంటాడు. లారీ ఎదురైతే నోరు మూస్తాడు, గుంత కనబడితే "చూడు చూడు" అంటాడు. వెనుక కూర్చున్న ఇల్లాలు భుజం మీద గట్టిగా పట్టుకున్నదంటే అది ఒక గంట కొట్టినట్లే. ఫోనులోని మనిషికి లారీ కనబడదు. లారీ హారను వినబడినా, "ఆ ఏమన్నావు?" అని అడిగి, చెప్పినదే మళ్ళీ చెబుతారు.

మన మారికుప్పం రైలు నడిపేవారి సంగతి చూడండి. బండి నడుస్తుండగా వారు సెల్‌ఫోను వాడరాదని రైల్వే నిషేధం. అయితే ఇంజనులో ఇద్దరూ మౌనవ్రతం పట్టి కూర్చోరు. సిగ్నలు కనబడగానే దాని రంగు ఒకరు పైకి చెబుతారు, రెండవవారు తిరిగి చెబుతారు. మాట వద్దని కాదు. దారిని గూర్చిన మాట కావాలి, దారిలో లేనివాడి మాట వద్దు.

మన తెలుగునాట దీనిని తలచినప్పుడల్లా గుర్తుకువచ్చేది మాసాయిపేట. 2014 జూలై 24 ఉదయం మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైలుగేటు దాటుతున్న బడిబస్సును నాందేడు - సికింద్రాబాదు పాసింజరు గుద్దినది. పదిహేనుమందికి పైగా పోయారు, అందులో పసిపిల్లలే ఎక్కువ. డ్రైవరూ పోయాడు. అతను ఫోనులో ఉన్నాడని ఆనాడు పత్రికలు రాశాయి. చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు గనుక దానిని నిర్ణయించడం మన పని కాదు. ఆ దారి అతనికి రోజూ అలవాటైనది కాదనీ, గేటుకు కాపలా లేకపోవడమే అసలు తప్పనీ కూడా అన్నారు, అదీ నిజమే. 2019 జనవరినాటికి బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలాలేని గేట్లన్నీ రైల్వేవారు తీసివేశారు. నా మనసులో మిగిలిపోయిన ప్రశ్న వేరు. పత్రికలవారు రాసినది నిజమే అయితే, ఆ ఫోనుకు అవతల ఎవరున్నారు? వారు ఇంటివారో, యజమానో, స్నేహితుడో. ఆ ఉదయం హఠాత్తుగా తెగిపోయిన మాటను వారు ఎలా మోస్తున్నారో?

చట్టం ఈ అవతలి మనిషిని గుర్తించదు. మన మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి, నడుపుతూ చేతిలో ఫోను పట్టుకుని వాడడాన్ని అపాయకరంగా నడపడం కింద చేర్చారు. మొదటిసారికి వెయ్యినుంచి అయిదువేల రూపాయలదాకా జరిమానా గాని, ఆరునెలలనుంచి సంవత్సరందాకా జైలు గాని, రెండూ గాని. 2020లో చేసిన నియమాల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడవచ్చును, దృష్టి చెదరనంతవరకు. చట్టం కంటికి కనబడేది చేయి. పోలీసు పట్టగలిగేదీ చేతినే. మనసు ఎక్కడున్నదో కొలిచే యంత్రం రోడ్డు మీద పెట్టలేరు గదా.

ఒక్కచోట మాత్రం న్యాయస్థానం అవతలి మనిషివైపు తిరిగి చూచినది. అమెరికాలోని న్యూజెర్సీలో 2009లో ఒక పడుచువాడు పికప్ ట్రక్కు నడుపుతూ, స్నేహితురాలితో ఫోనులో సందేశాలు నడుపుతూ, మోటారు సైకిలు మీద ఎదురుగా వస్తున్న దంపతులను గుద్దాడు. భార్యాభర్తలిద్దరూ చెరొక కాలు పోగొట్టుకున్నారు. వారు ఆ పిల్లవాడినే కాక సందేశం పంపిన పిల్లను కూడా కోర్టుకు లాగారు. 2013లో అప్పీలు కోర్టు ఏమన్నదంటే: ఆ పిల్ల మీద తగిన సాక్ష్యం లేదు, వదిలివేస్తున్నాము, కాని అవతలివాడు బండి నడుపుతున్నాడనీ, పంపినది వెంటనే చూస్తాడనీ తెలిసి పంపేవారికి కూడా బాధ్యత ఉండవచ్చును. ఆ తీర్పు మన దేశంలో చెల్లదు. అయినా నాకు అది మన గనివారి నియమంలాగే తోచినది.

మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్ల మీద పోయినవారు 1,68,491 మంది. ఇందులో ఫోను వాటా ఎంతో ఏ లెక్కా పూర్తిగా చెప్పలేదు, ఎందుకంటే ఫోనులో ఉన్నానని ఒప్పుకునేవాడు అరుదు. మన జిల్లాలో రోడ్లు బాగుపడుతున్నకొద్దీ వేగమూ పెరుగుతున్నది. బెంగుళూరు - చెన్నై ఎక్స్‌ప్రెస్ రోడ్డులో హోసకోటనుంచి బేతమంగలదాకా భాగం 2024 చివరలో వాహనాలకు తెరుచుకున్నది. అక్కడ కారు ఎక్కిన మన పిల్లలు గంటకు నూరు అనేది ఒక వేగంగానే లెక్కించడంలేదు. నూరు అంటే సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు.

మరి ఇంట్లో ఆదుర్దాకు ఏమి చేయాలి? కొడుకు రాకపోతే తల్లి ఫోను చేయకుండా ఉండగలదా? ఉండగలిగేవారు ఒకప్పుడు మన ఊళ్ళోనే ఉన్నారు. భర్త భూమిలో రెండు మైళ్ళ లోతున ఉంటే ఫోను చేసి "యాడుండావు" అని అడిగే వీలు లేదు. సైరను వినబడేది, షిఫ్టు మారినదని తెలిసేది, ఇంటికి నడిచివచ్చే వేళ లెక్కకట్టి అన్నం వార్చేవారు. వారి ఆదుర్దా మనకంటె తక్కువది కాదు. ఆ కాలం మేలని నేను అనను, ఆ ఎదురుచూపులో గుండె జబ్బులు తెచ్చుకున్నవారున్నారు. అయితే వేళ లెక్కకట్టడం అనే విద్య ఇప్పటికీ పనికివస్తుంది.

కొన్ని ఇళ్ళలో చేసుకోదగిన ఏర్పాటు చెబుతాను. బంగారుపేట దాటిన తరువాత రైలు మన ఊరి కొమ్మ మార్గంలోకి తిరుగుతుంది. కోరమాండల్, ఊరుగాం, చాంపియన్ ఇవన్నీ ఆగుతూ మారికుప్పం చేరేసరికి కావలసినంత వ్యవధి ఉన్నది. పెరుగు, మందులు, బంధువులు వచ్చిన వార్త, కోడి కూర అన్నీ ఆ వ్యవధిలో మాటలాడుకోవచ్చును. స్టేషనులో బండి తాళం తిప్పకముందు వాడే ఇంటికి ఒక్క రింగు ఇవ్వాలి, ఎత్తనక్కరలేదు. అంటే బయలుదేరాడని. ఆ తరువాత ఇంటినుంచి గంట మోగరాదు. బేతమంగలకు అరగంట అనుకుంటే ముప్పావుగంట ఆగాలి. అప్పటికీ రాకపోతే, అప్పుడు చేయండి. అది ఊరికే కొట్టిన గంట కాదు. పొరపాటున వాడు నడుపుతూ ఫోను ఎత్తాడే అనుకోండి, "బండి మీద ఉండావా?" అని అడిగి, అవునంటే మారుమాట లేకుండా పెట్టేయాలి. కోపం వచ్చినదనుకుంటాడేమో, అనుకోనివ్వండి, ఇంటికి వచ్చాక సమాధానం చెప్పుకోవచ్చును.

యజమానులుగా ఉన్నవారికి కూడా ఇదే మనవి. మన సంఘంలో లారీలు, టాక్సీలు నడిపించేవారు, పాలబండ్లు పంపేవారు ఉన్నారు. "ఎక్కడున్నావు, ఎంతసేపటికి వస్తావు" అని డ్రైవరును గంటకు నాలుగుసార్లు అడిగితే వాడు ఎత్తకుండా ఉండలేడు. జీతమిచ్చేవాడి ఫోను గదా. బండి ఆపి తానే ఫోను చేసే వేళలు ముందే చెప్పిపెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.

ఇక కొత్త ఫోనులలో ఇంకొక సదుపాయం కూడా ఉన్నది. బండి నడిపే సమయంలో మోగకుండా చేసి, చేసినవారికి "నడుపుతున్నాను, చేరినాక మాటలాడతాను" అని తనంతట తానే సందేశం పంపేలా అమర్చవచ్చును. పెద్దలకు ఆ అమరిక చేతకాకపోతే మనుమలను అడగండి, వారికి అది రెండు నిమిషాల పని.